ఇద్దరికి సరిపడా కైమా గ్రేవీ

మొన్న ఉదయం ఎదురింటి కొత్త కోడలు మా గుమ్మంలో నిలబడి, "పెదనాన్నా, ఇద్దరికి పరవన్నం సెయ్యాలంటే పాలెన్ని పడతాయి?" అని అడిగింది. మా చీపురుపల్లిలో నన్ను ఇలాంటివి అడగడం మామూలే. ఎవరింట పెళ్ళయినా వంటవాళ్ళ కంటే ముందు నా అరుగు దగ్గరికి వస్తారు. ఎన్ని విస్తళ్ళు లేస్తాయో చెబితే బియ్యం, పప్పు, నూనె, వంకాయలు ఎంతెంత కావాలో కాగితం మీద రాసిస్తాను. ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన నాకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. భోజనాలయ్యాక గంగాళాల్లోకి తొంగిచూసి, ఏది ఎంత మిగిలిందో, ఏది చాలలేదో గుర్తుపెట్టుకుని నేర్చుకున్నాను. ఆ అమ్మాయికి "అర లీటరు" అని చెప్పాను. తను మెట్లు దిగుతుంటే మళ్ళీ పిలిచి, "ఇంకో గ్లాసు పక్కన పెట్టుకోమ్మా" అన్నాను. ఈ రెండో మాట నా లెక్కలోది కాదు, మా బావ వల్ల వచ్చింది.

బావంటే నా భార్యకు అన్న. ఇల్లు శృంగవరపుకోటలో, ఉద్యోగం సరుకు ఓడలో వంట. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే ఉండేవాడు. చెల్లెలు పోయిన కబురు అందేనాటికి ఏదో సముద్రం నడుమ ఉన్నాడు. మనిషి పోయిందని ఓడ వెనక్కి తిరగదు కదా. హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళిన శీతాకాలంలో, ఆమె పోయిన ఐదో నెలలో, భుజాన సంచీతో దిగాడు. అప్పటికి నా తిండి ఇదీ: పొద్దున్న టీ, రెండు బన్నులు, మధ్యాహ్నం హోటలు సాంబారన్నం, ఆపైన ఆకలుంటే ఇంకో బన్ను. బెల్టుకు రెండు కొత్త చిల్లులు పొడుచుకున్నాను. రెంటికీ మధ్య దూరం అంగుళం.

"ఏటి బావా, ఇలాగయిపోనావు? ఎవుడెంత తినాలో ఊరందరికీ నువ్వే సెప్తావు. నీకెవుడు సెప్పాల?"

"ఐదొందల మందికయితే సెప్తాను బావా. ఒక్కడికి ఎప్పుడూ కట్టలేదు."

ఆయన నవ్వలేదు. "అయితే సూడు. నేనిక్కడ ఎనిమిది రోజులుంతాను. ఈలోగా ఒక్క వంటయినా సొంతంగా వండుకు తిను. లేదంటే ఇంటికి తాళమేసి నాతోటి కోట వచ్చెయ్. మీ అప్ప ఎలాగూ ఉన్నాది." అప్పంటే ఆయన భార్య.

నాకు వెళ్ళాలని లేదు. అక్కడ నన్నెవరూ తక్కువ చూడరు. వేళకు కంచం పెడతారు, నా మంచం జోలికి రారు, మర్యాదగా మాట్లాడతారు. కానీ ఈ అరుగు మీద నేను సామాన్ల జాబితా రాస్తుంటే లోపలి నుంచి "ఉప్పు మర్సిపోనావు" అని అరిచే గొంతు ఒకటుండేది. అది ఏ వైపు నుంచి వచ్చేదో తెలిసిన ఇల్లు ఇదొక్కటే. అందుకని నేర్చుకుంటానన్నాను.

బావ ఎంచిన వంట, ఓడలో అమెరికా వాళ్ళకు పొద్దున్నే పెట్టే పలహారం. మసాలా పట్టించిన మాంసంతో తెల్లటి గ్రేవీ చేసి, మెత్తటి గుండ్రటి రొట్టెల మీద పోస్తారు. అక్కడ పంది మాంసంతో చేస్తారట; మేము మేక కైమాతో చేశాం. మాంసం, పాలు, పిండి అన్నీ ఒకే మూకుడులో పడతాయి కాబట్టి ఒంటిగాడికి ఇంతకంటే సుళువు లేదన్నాడు. చిక్కంతా కొలతల్లో వచ్చింది. ఆయనకు తెలిసిన కొలత ఇరవై నలుగురిది: మూడు కిలోల కైమా, ఇరవై నాలుగు చెంచాల మైదా, పద్దెనిమిది గ్లాసుల పాలు. ఇద్దరికి కాబట్టి పన్నెండుతో భాగించాను. పావుకిలో, రెండు చెంచాలు, గ్లాసున్నర. ఎక్కడా శేషం మిగలలేదు. ఐదు నెలల్లో నాకు సంతోషం కలిగింది అప్పుడే.

కైమాకు ఉప్పు, మిరియాల పొడి, నలిపిన వాము, చిటికెడు బెల్లం పట్టించి గంటసేపు ఉంచాలి. మూకుట్లో వేసి, కొవ్వు కరిగి చిటపటలాడే దాకా వేపాలి. ఆ కొవ్వులో మైదా చల్లి, పచ్చివాసన పోయి కమ్మటి వాసన లేచాక, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పాలి. రొట్టెలకు మైదాలో వెన్న నలిపి, సోడా ఉప్పు వేసి, మజ్జిగతో తడిపి, స్టీలు గ్లాసు మూతితో కోసి, ఇసుక పోసిన పాత డేకిసాలో మూతపెట్టి కాల్చాం. మొదటి వాయి అడుగంతా నల్లబడింది. ఒకటి వీధికుక్కకు వేస్తే వాసన చూసి వెళ్ళిపోయింది. "కుక్క కూడా నీలాగే లెక్క సూసుకుంతాది బావా" అన్నాడు.

ఎనిమిదో రోజు పరీక్ష. అంతా నేనే చేశాను. బావ టీ గ్లాసుతో పొయ్యి పక్కన నిలబడి, ఓడ అలలకు ఒరిగినప్పుడు సూపు గిన్నెలు ఎలా జారిపోయేవో చెబుతున్నాడు. గ్రేవీ గరిటె మీంచి తాపీగా జారింది. నాలుగు రొట్టెలు తిని, కంచం వేలితో తుడిచి, "పాసయిపోనావు. ఇంక నిన్ను రమ్మని అడగను" అన్నాడు. గెలిచిన నేను స్టేషన్ దాకా ఆయన సంచీ మోస్తూ, ఇంకొక్కసారి అడుగుతాడేమోనని చూశాను. బండి కదిలింది. ఆయన మాట మీద నిలబడే మనిషి.

మర్నాడు అన్నిటినీ సరిగ్గా సగం చేశాను. అర్ధపావు కైమా, చెంచా మైదా, ముప్పావు గ్లాసు పాలు. ఐదు నిమిషాల్లో అది గోడకు కాగితాలు అంటించే జిగురులా బిగుసుకుంది. గరిటె నిలువుగా నిలబడింది. అంతలో ఫోను మోగింది.

"ఏటి, వండుకున్నావా?"

"వండుకున్నాను బావా."

"కుదిరినాదా?"

నిజం చెబితే సాయంత్రానికి అప్ప వచ్చి తాళం వేయిస్తుంది. "కుదిరినాది" అన్నాను.

మూకుడు ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. సరుకు సగమైంది కాని మూకుడు వెడల్పు సగం కాలేదు, మంటా సగం కాలేదు. ఇద్దరి గ్రేవీలోంచి ఎంత ఆవిరి పోతుందో ఒక్కడి గ్రేవీలోంచీ ఇంచుమించు అంతే పోతుంది. మరి అలాగయితే, ఇరవై నలుగురి కొలతను భాగించి చేసిన ఇద్దరి గ్రేవీ కూడా బిగుసుకోవాలి కదా అని వెనక్కి ఆలోచిస్తే గుర్తొచ్చింది. రోజూ బావ కబుర్లు చెబుతూనే, ఎడమచేత్తో పాలగిన్నె వంచి కాసిన్ని ఒంపేవాడు. పరీక్ష రోజున కూడా, అదిగో, ఆ సూపు గిన్నెలు జారిన కబురు చెప్పినప్పుడు. నేను చూశాను, లెక్కలో వేసుకోలేదు. నా లెక్క తప్పిందని తెలిసే ఆయన నన్ను పాస్ చేశాడు. కోట వెళ్ళడం నాకిష్టం లేదని నేనెప్పుడూ నోరు విప్పి చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు.

అప్పట్నుంచి ఇద్దరికి తక్కువగా ఎప్పుడూ వండలేదు. సగం పొద్దున్న తిని, సగం ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం కాసిన్ని పాలు పోసి వెచ్చబెట్టుకుంటాను. మొదట్లో దాన్ని మిగిలిపోయింది అనేవాణ్ణి. ఏళ్ళు గడిచేసరికి, పొద్దున్న వండేవాడు సాయంత్రం ఆకలితో వచ్చే ఇంకొకడి కోసం తీసి ఉంచుతున్నాడనిపించసాగింది. ఇద్దరికీ మధ్య తొమ్మిది గంటల దూరం. ఇన్నేళ్ళయినా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.