వయసుకు ఆధారం

ఆయన్ని అందరూ చుక్క మేస్త్రి అంటారు. ఆ పేరు కొత్తగా విన్నవాళ్లు ఆయన సాయంత్రాలు ఎక్కడ గడుపుతాడో ఊహించేసుకుని నవ్వుకుంటారు. పాపం, ఆయన టీ తప్ప మరొకటి ఎరగడు. కొళాయి బాగుచేసి, చేతులు తుడుచుకుంటూ, "ఇక చుక్క కారితే నన్నడగండి" అనడం ఆయనకి అలవాటు. ఆ మాట పట్టుకుని జనం పేరు పెట్టేశారు. నలభై అయిదేళ్లలో ఎవరూ వెళ్లి అడగాల్సిన పని పడలేదు. ఈ పేటలో అబద్ధమాడని వస్తువులు రెండే అని చెప్పుకునేవారు. ఒకటి గోడ వంకర పట్టిచ్చే రసమట్టం, రెండోది చుక్క మేస్త్రి మాట.

ఆ పేటలోనే ఒక సంస్థ ఉంది. పిల్లల్లేని ఒక బట్టల వ్యాపారి ఉన్నదంతా రాసిచ్చి పోతే పుట్టిన సంస్థ. దాని పనులు రెండు. చదువుకునే గదికి కుర్చీలు, బడికి ప్రహరీ గోడ, పని నేర్చుకున్న కుర్రాళ్లకి పనిముట్లు, ఇలా పేటలో పదిమందికి పనికొచ్చే వాటికి సాయం చేయడం ఒకటి. అరవై అయిదు దాటిన ఒంటరివాళ్లకి గదులివ్వడం రెండోది. పన్నెండు గదులు, రెండు వరసలు, మధ్యలో నాపరాళ్లు పరిచిన వాకిలి. మంచి సంస్థే. కాకపోతే మంచితనం కావాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ రెండు ప్రతుల్లో.

ఆ పన్నెండు గదుల కొళాయిలూ చుక్క మేస్త్రివే. నాలుగో గదిలో ఆయన అక్క ఉంటుంది. బడిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. తొమ్మిదేళ్లుగా అక్కడే. ఆవిడ గదిలో కొళాయి ఎప్పుడూ చెడదు. అయినా ఆయన వారానికోసారి సంచి భుజాన వేసుకుని వచ్చి చూసి వెళతాడు.

"చెడనిదాన్ని చూడ్డానికి సంచి ఎందుకురా?" అంటుంది ఆవిడ.

"సంచి లేకుండా వస్తే నిన్ను చూడ్డానికి వచ్చాననుకుంటావు."

"నన్ను చూడ్డానికి వచ్చేవాడివైతే నేను పరీక్ష రాసే రోజు చూసుకుని పుట్టేవాడివా? నాలుగో తరగతి లెక్కల్లో నేను తప్పింది నీవల్లే."

ఈ మాట ఆయన నెలకి నాలుగుసార్లు వింటాడు. అమ్మకి నొప్పులొస్తే నర్సు కోసం పరుగెత్తిన పదేళ్ల పిల్ల ఆ రోజు పరీక్షకి వెళ్లలేకపోయింది. నాలుగు తప్పింది, మళ్లీ కూర్చుంది, అయిదుతో ఆగిపోయింది. పాసై ఉంటే టీచరయ్యేదాన్ననీ, తమ్ముడి మూలంగా ఆయానయ్యాననీ ఆవిడ సిద్ధాంతం. ఆయన ఎదురు చెప్పడు. పుట్టడంలో తన తప్పేమీ లేదని నిరూపించడం ఎవరికైనా కష్టమే.

మేస్త్రి ఉండేది ఒక పాత మేడ మీద, నాలుగో అంతస్తులో, నీళ్ల ట్యాంకు పక్కన ఒంటి గదిలో. డెబ్బై రెండు మెట్లు. మోకాళ్లు ఇరవయ్యో మెట్టు దగ్గర ఒకసారి, నలభయ్యో మెట్టు దగ్గర ఇంకోసారి అర్జీ పెట్టుకుంటాయి. ఆ మేడ పడగొట్టి కొత్తది కడతామని, నెలాఖరుకి ఖాళీ చేయమని ఇంటాయన చెప్పేశాడు. అదే వారం సంస్థలో పదో గది ఖాళీ అయింది. అందులోని ముసలాయన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. పదో గది అంటే అక్క గదికి సరిగ్గా ఎదురు. మెట్లు లేవు. గుమ్మం దగ్గర చిన్న అరుగు.

దరఖాస్తు ఆయనే నింపాడు. చదువు బడిలో నేర్చింది కాదు, దుకాణాల బోర్డులు చూసి కూడబలుక్కున్నది. పేరు, చిరునామా, వృత్తి సాఫీగా రాశాడు. తర్వాత గడిలో "వయసుకు ఆధారం" అని ఉంది. కలం ఆగింది. ముసలి వయసులో నీకెవరున్నారని ఇంత సూటిగా అడిగే కాగితాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. కాసేపు ఆలోచించి, కుదురుగా, "మా అక్క" అని రాశాడు.

నాలుగు రోజుల తర్వాత కాగితం తిరిగొచ్చింది. ఆ గడి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన "ఆధారం జత చేయలేదు" అని రాసి ఉంది.

ఆయన కాగితం పట్టుకుని నేరుగా నాలుగో గదికి వెళ్లాడు.

"అక్కా, నిన్ను జత చేయమంటున్నారు."

"నన్నా? దేనికి?"

"దరఖాస్తుకి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. చెప్పులేసుకుంది. "పద. పిన్నుతో గుచ్చుతారో జిగురుతో అంటిస్తారో చూద్దాం."

ఆఫీసు గదిలో గుమస్తా ఒక అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇద్దరూ ఎదుట నిలబడి "ఇదిగోనమ్మా, జత" అనేసరికి ముందు బిక్కమొహం వేసింది. విషయం అర్థమయ్యాక నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"మేస్త్రి గారూ, ఆధారం అంటే రుజువండీ. మీ వయసెంతో చూపించే కాగితం. బడి సర్టిఫికెట్టో, పుట్టిన తేదీ పత్రమో."

"మరి రుజువని రాయొచ్చుగా?" అంది అక్క. "ఆధారం అంటే మాకు తెలిసింది మనిషే."

మేస్త్రి దగ్గర కాగితం లేదు. బడికి వెళ్లలేదు, పుట్టింది ఇంట్లో. "అరవై ఆరమ్మా నాకు. ఇదిగో, ఈవిడ చూస్తుండగా పుట్టాను" అన్నాడు.

"నోటిమాట చెల్లదండీ. ఈమధ్య కార్డుల మీది వయసు కూడా చెప్పి రాయించుకున్నదేనని కమిటీ ఒప్పుకోదు. ఏ పాత కాగితమైనా సరే, వయసు రాసున్నది చాలు."

అప్పుడు అక్క మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, నీ పనిముట్ల పెట్టె! కుర్రతనంలో ఈ సంస్థే కదరా ఇచ్చింది? అప్పుడు కాగితం రాయించుకోలేదూ? మీ బీరువాలోనే ఉంటుంది చూడమ్మా."

మేస్త్రి తలుపు వైపు తిరిగాడు. "అదెక్కడుంటుందిలే అక్కా, నలభై అయిదేళ్ల మాట" అన్నాడు. కానీ ఆ అమ్మాయి అప్పటికే బీరువా తెరిచింది. సంస్థలు మనుషుల్ని మరిచిపోతాయి గానీ కాగితాల్ని మరవవు. అరగంటలో దుమ్ము దులుపుకుని ఒక పసుపు రంగు కాగితం బయటికొచ్చింది. పైపు రెంచి ఒకటి, పానాలు ఆరు, మరలు కోసే డై ఒకటి. కింద వయసు: పద్దెనిమిది.

అమ్మాయి వేళ్ల మీద లెక్కేసింది. మళ్లీ లెక్కేసింది. "అరవై మూడే వస్తోందండీ."

"తప్పు" అంది అక్క. "నాకు డెబ్బై ఆరు. వీడు నాకంటే పదేళ్లు చిన్న."

 అమ్మాయి మేస్త్రి వైపు జాలిగా చూసింది. మంచి పిల్ల. తనకి తోచిన దారి చూపించింది. "అప్పటి గుమస్తా గారు పొరపాటున రాశారేమో? రాత ఆయనదే. ఆయన ఇప్పుడు లేరు కూడా. పొరపాటని మీరు ఒక్క మాట రాసిస్తే శనివారం కమిటీ ముందు పెడతాను. లేకపోతే గది జాబితాలో తర్వాతవాళ్లకి వెళుతుంది."

బయటికొచ్చాక వాకిట్లో నాపరాళ్ల మీద నిలబడి మేస్త్రి అన్నాడు, "పొరపాటు కాదే అక్కా. పనిముట్లు ఇరవై లోపు కుర్రాళ్లకే అన్నారు. నాకప్పటికి ఇరవై ఒకటి. మూడేళ్లు మింగేశాను."

అక్క తలెత్తి చూసింది. 

"ఎవరికీ చెప్పలేదే" అంది.

"ఎవరడిగారు?"

"ఇప్పుడడుగుతున్నారుగా. ఏం చెబుతావు?"

 ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

శనివారం దాకా ఉన్న మూడు రోజులూ ఆయన ఒప్పుకున్న పనులు చేస్తూనే ఉన్నాడు. ఒక హోటలు వెనక బిగుసుకుపోయిన వాల్వు, ఒక ఇంట్లో సన్నగా కారే షవరు. చేతులు పని చేస్తుంటే బుర్ర ఆ పాత గుమస్తా చుట్టూ తిరిగేది. సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిలు. ఆ రోజు ఆయన కళ్లజోడు మీంచి కుర్రాడి మీసం వైపు చూసి, "పద్దెనిమిదేనా నాయనా?" అని ఒక్కసారే అడిగాడు. కుర్రాడు "అవునండీ" అన్నాడు. ఆయన మళ్లీ అడగకుండా రాసేశాడు. నమ్మాడో, చూసీ చూడనట్టు పోయాడో. ఎలా చూసినా చేసింది మేలే. ఇప్పుడు ఆయన మీదకి తోసేస్తే కాదనేవాడు లేడు. పోయినవాడి నెత్తిన ఎంత బరువు పెట్టినా మెడ నొప్పి అనడు. అందుకే లోకంలో సగం తప్పులు వాళ్ల పేరున ఉంటాయి.

నిజం చెబితే? దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల్లో "తప్పుడు సమాచారం ఇచ్చినవారు అనర్హులు" అని ఉంది. ఆ వాక్యాన్ని ఆయన కూడబలుక్కుని చదివాడు. అనర్హులు అన్న మాటకి అర్థం ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

శనివారం కమిటీ కూర్చుంది. పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు. మధ్యలో అధ్యక్షురాలు. ఆసుపత్రి ఉద్యోగం విరమించిన డాక్టరమ్మ. మనుషుల్ని నాలుక చాపమని అడిగి అడిగి ఆవిడకి సూటిగా చూడటం అలవాటైపోయింది. గుమస్తా అమ్మాయి కాగితాలు అందించింది.

"మేస్త్రి గారూ, ఈ వయసు పాత గుమస్తా పొరపాటేమో అంటోంది మా అమ్మాయి. అంతేనా?"

గదిలో పంకా తిరుగుతోంది. ఆయన సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"కాదండీ. ఆయన పొరపాటు లేదు. ఒకసారి అడిగారు కూడా. పద్దెనిమిదే అని నేనే చెప్పాను. నాకప్పుడు ఇరవై ఒకటి. పనిముట్లు కావాలని అబద్ధమాడాను."

కమిటీలో ఒకాయన కుర్చీలో కదిలాడు. "అయితే ఇప్పుడు మీరు చెప్పేది మాత్రం నిజమని ఏమిటి? అప్పుడు పెట్టె కోసం తగ్గించారు, ఇప్పుడు గది కోసం పెంచుతున్నారేమో."

న్యాయమైన ప్రశ్నే.  ఒక్కసారి కారిన కొళాయిని ఎవరూ నమ్మరని ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. అక్క. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"మధ్యలో వచ్చానని ఏమనుకోకండి. ఆ రోజు వీడు ఆఫీసులో నన్ను జత చేయడానికి తెచ్చాడు. చెల్లనన్నారు. ఈసారి కాగితంతో వచ్చాను."

కవర్లోంచి ఒక అట్టముక్క తీసింది. అంచులు చీకిపోయి ఉన్నాయి. ఆవిడ నాలుగో తరగతి ప్రోగ్రెసు కార్డు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. తెలుగు, నలభై ఎనిమిది. సామాన్యశాస్త్రం, యాభై ఒకటి. లెక్కలకి ఎదురుగా అంకె లేదు. వెలిసిన ఎర్రసిరాతో టీచరు రాత ఉంది. ఆవిడ పైకి చదివింది.

"గైరుహాజరు. తమ్ముడు పుట్టినందున రాలేదు."

కింద తేదీ. అరవై ఆరేళ్ల కిందటిది.

మేస్త్రి ఆ కార్డు గురించి నెలకి నాలుగుసార్లు విన్నాడు గానీ ఎప్పుడూ చూడలేదు. తన పుట్టుకని ఎవరో కాగితం మీద రాశారని, అదీ గైరుహాజరు కింద రాశారని ఆయనకి అప్పుడే తెలిసింది. 

డాక్టరమ్మ దరఖాస్తు దగ్గరికి లాక్కుంది. ఎర్ర పెన్సిలు సున్నాలో "మా అక్క" అన్న మాటలు అలాగే ఉన్నాయి. కాసేపు చూసి, "ఇక్కడ దిద్దాల్సిందేమీ లేదే. సరిగ్గానే రాశారు" అని గుమస్తా అమ్మాయితో అంది. తర్వాత పసుపు కాగితాన్ని ఆయన వైపు జరిపింది. "దిద్దాల్సింది ఇది. మీ చేత్తో దిద్ది సంతకం పెట్టండి. ఆ పెద్దమనిషి రాత తప్పుగా మిగిలిపోకూడదు."

ఇందాక కుర్చీలో కదిలిన కమిటీ పెద్ద ఏదో అనబోయాడు. "అనర్హులు అని ఈ కొత్త ఫారం మీద ఉందండీ. దీంట్లో ఆయన అబద్ధం రాయలేదు" అందావిడ. కమిటీ పెద్ద వెనక్కి వాలి కూర్చున్నాడు.

మేస్త్రి కలం తీసుకున్నాడు. పద్దెనిమిది కొట్టేసి ఇరవై ఒకటి రాశాడు. పైపు మరల మీద దారం చుట్టేటప్పుడు పెట్టే శ్రద్ధే పెట్టాడు. సంతకం పెట్టాక ఇంకా ఏదైనా చేయాలేమోనని అటూ ఇటూ చూశాడు. ఏమీ లేదు. పదో గది ఆయనదే.

గుమస్తా అమ్మాయి ప్రోగ్రెసు కార్డుని దరఖాస్తుకి పెట్టి గుండుసూది గుచ్చబోయింది. అక్క గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"జిరాక్సు తీసుకో తల్లీ. అసలుది నాకివ్వు. వీణ్ణి తిట్టడానికి నాకున్న ఆధారం ఇదొక్కటే."

నెలాఖరుకి మేస్త్రి సామాను వచ్చింది. ఒక మంచం, ఒక స్టవ్వు, రెండు సంచులు. డెబ్బై రెండు మెట్లు ఆఖరిసారి దిగి, సామాను దింపుకుని, అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా నాలుగో గది తలుపు తెరుచుకుంది.

"ఒరేయ్, నా కొళాయి కారుతోంది!"

తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఆయన వెళ్లి చూశాడు. వాషరు దిట్టంగానే ఉంది. పైనున్న బిరడా మాత్రం ఎవరో చేత్తో ఒక చుట్టు వదులు చేశారు.  ఆయన సంచి తెచ్చుకోవడానికి తన గదికి నడిచాడు. ఈసారి పదకొండు అడుగులే.