నీటిగుర్రం కాళ్లు

ఎనభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా టీచర్ క్లాసంతటినీ షికాగోలో ఒక మ్యూజియానికి తీసుకెళ్లింది. పిల్లల వెంట పెద్దవాళ్లూ రావాలంది. అమ్మానాన్నలకు ఆఫీసులు. అందుకని షికాగో దగ్గర్లోని అరోరాలో మాతో ఉంటున్న అమ్మమ్మే చీర మీద కోటు తొడుక్కుని బస్సెక్కింది.

ఈజిప్టు గదిలో, గాజుపెట్టెలో, అరచేతిలో పట్టేంత నీటిగుర్రం బొమ్మ ఉంది. ఒళ్లంతా నిగనిగలాడే నీలం. వీపు మీద తామరపూలు.

"దీన్ని గుర్రమన్న మహానుభావుడెవడే? అచ్చం గేదెదూడ!" అంది అమ్మమ్మ.

అలాంటి బొమ్మల్ని సమాధుల్లో పెట్టేవాళ్లనీ, అవి లేచి చనిపోయినవాళ్లకు హాని చేయకుండా ముందే మూడు కాళ్లు విరిచేవాళ్లనీ టీచర్ చెప్పింది. నేను వచ్చీరాని తెలుగులో అదంతా అమ్మమ్మకు అప్పజెప్పాను. "అయ్యో పాపం" అని ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు.

తర్వాత తలా ఒక ఈజిప్టు జంతువును ఇంట్లో చేసుకురమ్మన్నారు. అమ్మమ్మ మైదాలో ఉప్పు కలిపి, చూస్తుండగానే బొద్దుగా నీటిగుర్రాన్ని చేసేసింది.

"అమ్మమ్మా, లెగ్స్ బ్రేక్ చెయ్యాలి. మూడు!"

"చాల్లే. నా చేత్తో చేసిన జీవాన్ని నేనే కుంటిదాన్ని చేస్తానా?"

"మరి బైట్ చేస్తే?"

"కరవదు. నేను చెప్తాగా." వంగి, దాని చెవిలో ఏదో గుసగుసలాడింది. నాకు ఏడుపొచ్చింది. మార్కులు పోయినట్టే.

క్లాసులో టీచర్ అడగనే అడిగింది, నాలుగు కాళ్లూ ఉన్నాయేమని. "కరవద్దని మా అమ్మమ్మ దానికి చెప్పింది" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. టీచర్ మాత్రం, "అయితే మన మొసళ్లకు కూడా చెప్పాలి. ఆవిడ్ని తీసుకొస్తావా?" అంది.

శుక్రవారం అమ్మమ్మ గిన్నెలో పిండిముద్దతో వచ్చింది. పిల్లలు మొసళ్లూ తేళ్లూ పిల్లులూ పట్టుకుని వరస కట్టారు. ఆవిడ ఒక్కొక్కదాని చెవి దగ్గరా వంగి, "బుద్ధిగా ఉండు నాయనా" అంది. తేలుకు చెవి ఎక్కడో ఎంతసేపు వెతికినా కనబడక తోకకే చెప్పింది.

చివర్లో ఒకడు కాళ్లు విరిచిన నీటిగుర్రాన్ని సిగ్గుపడుతూ చాపాడు. అమ్మమ్మ ముద్దలోంచి తుంచి మూడు కొత్త కాళ్లు అతికించింది. వాడు దాన్ని బల్ల మీద పెట్టాడు. కాస్త ఒరిగింది కానీ పడలేదు. క్లాసంతా చప్పట్లు!

అమ్మమ్మ అన్న ప్రతి మాటనూ ఇంగ్లీషులో అరిచి చెప్పిందాన్ని నేనే. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది.