తాడెక్కే యంత్రం కోసం జడ్చర్ల దాకా

నా మోకాలు చెడి మూడేళ్ళయింది. అప్పటినుంచి నా తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు లేడు. జడ్చర్ల దగ్గర చెట్టెక్కే యంత్రాలు చూపిస్తారని, నేర్చినవాళ్ళకు ఇస్తారని విన్నాను. కూర్చుని లేస్తూ ఎక్కొచ్చట, మోకాలికి అంత కష్టం లేదట. ఇక ఇంట్లో ఆగలేకపోయాను.

పొద్దున ఐదున్నరకు నల్గొండలో దేవరకొండ బస్సెక్కాను. తోడు నా బావమరిది సత్తయ్య. చెట్టు మీంచి పడ్డాక భయంతో కల్లు గీయడం మానేసిన మనిషి. ఏడుంబావుకు దేవరకొండలో ఇడ్లీ తిన్నాం. చట్నీ ఉత్త నీళ్ళు. కల్వకుర్తి బస్సులో పక్కనున్న అవ్వ అడిగింది.

"యాడికి పోతున్నవ్?"

"చెట్టెక్కనీకి."

"గీ వయసులనా? ఇంట్ల కొట్లాట పెట్టుకొచ్చినవా ఏంది?"

కల్వకుర్తిలో బస్సు మారి, పదకొండుకు జడ్చర్ల ఇవతల తాటివనం దగ్గర దిగాం. పేర్లు రాసే పుస్తకం ముందుకు తోశారు. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, ఇంకొకరిని రాయనిస్తానా? పేరు రాశాను, వయసు అరవై మూడని రాశాను.

సత్తయ్య తల కొట్టుకున్నాడు. "వేలిముద్ర ఏస్తే నేను యాభై అని చెప్తుంటి గదా బావా!"

"అరవై దాటినోళ్ళకు యంత్రం ఇయ్యం పెద్దాయనా," అన్నాడు నేర్పే సారు.

"ఇయ్యకు. ఒక్కసారి ఎక్కనియ్యి."

నడుముకు పట్టీ కట్టారు. రెండు ఇనుప చట్రాలు. ఒకదాంట్లో కూర్చుని, కాళ్ళున్న చట్రాన్ని పైకి లాగాలి, లేచి నిలబడాలి, మళ్ళీ కూర్చోవాలి. మట్టల దాకా పోయాను. మూడేళ్ళుగా కింద నిలబడి విన్న గాలి చప్పుడు చెవి పక్కనే ఉంది. మట్టల మధ్య కట్టిన లొట్టి కుండ నిండా కల్లు. చెయ్యి నడుము దగ్గర కత్తిని వెతికింది. ఇంకొకరి చెట్టుకు కత్తి పెట్టకూడదు, అసలు నా దగ్గర కత్తీ లేదు.

"దిగు బావా! ఇంక ఇర్వై మందున్నరు!"

"యంత్రం ఇరుక్కున్నదా?" సారు అరిచాడు.

"మంచిగున్నది సార్. జర ఆగుండ్రి."

దిగేసరికి యంత్రం నేర్చుకునేవాళ్ళలో సత్తయ్య పేరు రాసుకున్నారు.

మూడింటికి తిరుగు బస్సు. యంత్రం మంచిది, పోదలచినవాళ్ళు తప్పక పోండి. కల్వకుర్తి దాటాక సత్తయ్య మెల్లగా అన్నాడు, "పట్టీ ఉంటే నాకు భయం లేదు. నీ తాళ్ళు నేను గీస్త బావా."

దేవరకొండలో బస్సు మారాం. ఆ తర్వాత నా చెట్ల సంగతి మొదలుపెట్టాను. బాయికాడిది పలుచగా గీయాలి, లోతు పోతే రెండు రోజులు అలిగి కల్లివ్వదు. గట్టు మీద జంటలో ఎడమది ముందు ఎక్కాలి. ఒక్కొక్క చెట్టు గుణం చెప్పుకుంటూ పోయాను. నల్గొండ దీపాలు కనబడ్డాయి.

"ఇంకొకటున్నది గదా బావా, దొడ్డి ఎనకది?"

"అది నాకుండనియ్," అన్నాను.