మా కారు ముక్కులో ఏడేళ్ల నల్లగొండ

మా చెల్లెలిది పోచంపల్లిలో మగ్గం ఇల్లు. ఆమె బిడ్డ నల్లగొండలో మా ఇంట్లోనే ఉండి ఎమ్మెస్సీ చదివేది. ఒకరోజు అన్నం తింటూ, "మామా, నాకు పది ఆటోల పాత ఎయిర్ ఫిల్టర్లు గావాలె" అంది. లోకంలో పిల్లలు ఫోన్లడుగుతారు, బండ్లడుగుతారు. మా మేనకోడలు మురికి అడిగింది.

సంగతేమిటంటే, ఇంజను కూడా మనలాగే గాలి పీల్చుకుంటుందట. అందులోని దుమ్మూ పొగా ఫిల్టరు దగ్గర ఆగిపోతాయట. రోజూ ఒకే రోడ్డున తిరిగే ఆటో ఫిల్టరు విప్పి పరీక్షిస్తే, ఆ రోడ్డున జనం ఊపిరితిత్తుల్లోకి ఏం పోతోందో తెలిసిపోతుందట. గాలిని కొలిచే యంత్రం ఒక్కచోటే నిలబడి ఉంటుంది, ఆటోలు తలా ఒక రోడ్డున ఊరంతా తిరుగుతాయి.

"సోమవారం లోపట నమూనా సూపియ్యకుంటే మా ప్రాజెక్టు మేడం వేరే టాపిక్ ఇస్తది మామా. ఆర్నెల్ల సంది దీనెంబడే తిరుగుతున్న."

"పదేంది, లారీ నిండ తెప్పిస్త" అన్నాను. మాట ఇవ్వడంలో నాకున్న వేగం జిల్లాలో ఏ ఎక్స్‌ప్రెస్ బస్సుకూ లేదు.

గడియారం స్తంభం వెనక షెడ్డు మెకానిక్ నా పాత దోస్తు. సగం ఊరి ఆటోలు అతని చేతిలోనే ఊపిరి పోసుకుంటాయి. "మా మేనకోడలికి కాలేజీల అవసరం" అన్నాను. అవసరమేమిటో చెప్పలేదు. అదే నేను చేసిన ఘనకార్యం.

ఆదివారం పొద్దున అతనే ఇంటికొచ్చాడు, పెళ్లి బట్టలు తెచ్చినట్టు పేపర్లో చుట్టిన మూటతో. ఏ రోడ్డు ఫిల్టరుకు ఆ రంగు దారం కట్టాలని మా పిల్ల వాళ్ల మగ్గం మీది దారపు ముక్కలు పది రంగుల్లో సిద్ధంగా పెట్టుకుంది. మూట విప్పింది. పది ఫిల్టర్లు. పాలతో స్నానం చేసినట్టున్నాయి.

"కడిగినవా కాకా?" అంది సన్నగా.

"కడుగుడేంది బిడ్డా. ముందుగాల గాలి కొట్టిన, మల్ల పెట్రోల్ల ముంచిన, ఎండకు ఆరబెట్టిన. సదువుకునే ఆడపిల్ల చేతికి మురికి సామాను ఇస్తమా?"

ఆ శనివారం అతని షెడ్డు నుంచి లేచిన దుమ్ముకు మహబూబ్‌నగర్ బస్సులు పట్టపగలే లైట్లు వేసుకుని పోయాయంటే నమ్మాలి మీరు. ఆ దుమ్మే కావలసిందని తెలిశాక పాపం అతని మొహంలో రంగు పోయింది. "జర ముందుగాల చెప్తే ఏమైతుండె సార్" అన్నాడు నాతో.

మా పిల్ల దారాలు ఒక్కొక్కటే ఉండ చుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, "మామా, మన కారు ఇంటికాడికెల్లి నీ ఆఫీసుకే గద పోతది, ఒక్కటే తొవ్వ. దాని ఫిల్టరు?" అంది.

"దాంట్లేముంటది బిడ్డా" అంది వంటింట్లోంచి నా భార్య. "మీ మామ ఏటా దసరాకు కొత్తది ఏపిస్తడు."

ఇక్కడ నేను చెప్పవలసింది ఒకటుంది. ప్రతి దసరాకూ బండి పూజకు ముందు సర్వీసింగ్ అని కారు తీసుకుపోయేవాణ్ణి. కారు పైన నీళ్లు కొట్టించి, ఎదురుగా హోటల్లో రెండు గంటలు చాయ్ మీద చాయ్ తాగి, అలసిపోయిన మొహంతో ఇల్లు చేరేవాణ్ణి. మూత ఎత్తిన పాపాన పోలేదు.

పిల్ల చేతిలో దారం ఉండ వైపు చూశాను. "ఏపియ్యలే" అన్నాను.

"ఏ దసరాకు?" అంది నా భార్య, గరిటెతో సహా బయటికొచ్చి.

"కొన్నకాడికెల్లి."

మెకానిక్ నవ్వాపుకుంటూ అక్కడికక్కడే మూత విప్పాడు. ఆ ఫిల్టరు బయటికి తీయడానికి ఇద్దరం మోయవలసి వచ్చింది. సిమెంటు, డీజిల్ మసి, వడ్ల పొట్టు, పత్తి పీచు, ఏడేళ్ల నల్లగొండ మడతమడతకూ పేరుకుని ఉంది. మా పిల్ల ప్రసాదం అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంది.

"మామా, నువ్వు బంగారం."

"అవునవును, బంగారమే" అంది నా భార్య.

సోమవారం మేడం ఒప్పుకుంది. ఈ ఒక్కదానితో మొదలుపెట్టి, తర్వాత పది ఆటోలకు కొత్త ఫిల్టర్లు పెట్టి, రెండు నెలలాగి విప్పమంది. కాకపోతే, కొన్నప్పటి నుంచి ఈ ఫిల్టరు మార్చలేదనీ, దులపలేదనీ యజమాని రాసివ్వాలంది. రాసి సంతకం చేశాను. ఆ కాగితంలో సాక్షికి చోటు లేదు. నా భార్య కింద స్కేలు పెట్టి ఒక గీత గీసి, తన సంతకం కూడా పెట్టింది.