పాడింది, పాడైంది

నాకు స్వరరచన నేర్పిన అమెరికన్ ప్రొఫెసర్‌కు తెలుగు నేర్పింది మా అమ్మ. ఆయన నోయిడాలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. ఆదివారాలు పెసరట్టు కోసం ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా క్వార్టర్స్‌కు వచ్చేవాడు. అమ్మ చేత ఒక కీర్తన పాడించుకుని, నన్ను చూసి నేర్చుకున్న పిలుపుతో, "అమ్మ బాగా పాడైంది" అనేవాడు.

"పాడైంది కాదు మాస్టారూ, పాడింది. పాడైందంటే చెడిపోయిందని" అంటూ అమ్మ నవ్వి దిద్దేది. వారం తిరిగేసరికి మళ్లీ అదే. సింఫనీలు రాసిన మనిషికి ఒక్క క్రియాపదం ఒంటబట్టలేదు.

ఆయన చదువు చిన్న ఊళ్లో, చర్చి ఆర్గన్ దగ్గర మొదలైందట. తరువాత దొరికిన గురువు రిహార్సల్‌ను రికార్డు చేయనిచ్చేవాడు కాదట. రికార్డు చేస్తే చెవి బద్ధకిస్తుందట. ఆ మాటను ఈయన వేదంలా పట్టుకున్నాడు. క్లాసులో మా ఫోన్లన్నీ బుట్టలో పడేయాల్సిందే.

ఆ నవంబరులో అమ్మ గొంతు బొంగురుపోయింది. ఢిల్లీ పొగే కారణమనుకున్నాం. క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. ఈలోపు అమ్మ గొంతు కోసం ఒక పాట కట్టి రికార్డు చేస్తానన్నాడు ప్రొఫెసర్. "నేనేమన్నా కచేరీలు చేశానా" అంటూ ఎన్నడూ రికార్డు చేయనివ్వని అమ్మ, మొదటిసారి సరేనంది.

రిహార్సల్‌లో ఆ బొంగురు గొంతుతోనే పై షడ్జం అందుకుంది. రికార్డు చేద్దామని ఫోన్ తీశాను. ఆయన చేత్తో వారించి, "రేపు" అన్నాడు. ఆ సాయంత్రమే ఊపిరాడక అమ్మను ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ అనుకున్న రోజుకన్నా ముందే చేసేశారు.

అమ్మ మాటలు నా ఫోన్‌లో ఉన్నాయి. "అన్నం తిన్నావా", "మాస్కు పెట్టుకో" లాంటివి. పాట లేదు. ఆయన మీద కోపం నాకింకా చల్లారలేదు. గురువు మాట జవదాటని శిష్యులంటే ఇప్పుడు భయం కూడా.

ఆపరేషన్ అయ్యాక ఆయన వార్డుకు వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు. ఏడ్చిన కళ్లు. ఏదో ఒకటి తెలుగులోనే చెప్పాలనుకున్నట్టున్నాడు.

"ఆ రోజు అమ్మ బాగా పాడైంది."

అమ్మ అలవాటుగా దిద్దబోయింది. పెదవులు కదిలాయి. మెడ మీది రంధ్రంలోంచి గాలి మాత్రం బుస్సుమంది. తప్పేదో చెప్పమన్నట్టు ఆయన నావైపు చూశాడు.

నేను దిద్దలేదు.