రాజమల్లు పొగడబ్బా

"ఆ డ్రమ్ము ముట్టకు తమ్మీ. మిల్లుల రంగు మందు వోసిన డ్రమ్మది. ఎంత కడిగినా దాంట్ల వొండింది తినొద్దు," అన్నాడు రాజమల్లు, పక్క గదిలో ఉండే నాతో. సూరత్ దగ్గరి జోల్వాలో మరమగ్గాల నడుమ ఇరవై ఏళ్లుగా దారాల దుమ్ము పీలుస్తూ ఒక్కనాడూ ముక్కుకు గుడ్డ కట్టని మనిషికి పొగబెట్టి వండే మటన్ ఆరోగ్యం మీద మాత్రం ఎక్కడలేని శ్రద్ధ. పల్లినూనె డబ్బాను సబ్బుతో కడిగి, ఖాళీదాన్నే ఓసారి మంట మీద కాల్చి, అడుగున గాలికి రంధ్రాలు కొట్టాడు. రంగేసిన చెక్కను, జింకు పూసిన తీగను దగ్గరికి రానివ్వలేదు. నిప్పుల మీద తుమ్మచెక్కలు పేర్చి, ఉప్పూకారం పట్టించిన ముక్కలను స్టీలు చువ్వలకు గుచ్చి వేలాడదీసి, మూత పెట్టాడు. గదిలో అయితే ఊపిరాడదని డాబా మీదే పెట్టాడు, పక్కన బకెట్ నిండా నీళ్లు కూడా. ఇన్ని ప్రమాదాలు తలచుకున్న మహానుభావుడికి, మాంసం వాసనొస్తే గది ఖాళీ చేయిస్తానన్న ఇంటి ఓనరు కింది అంతస్తులోనే ఉంటాడన్న సంగతి మాత్రం గాలి తిరిగి పొగ అటు మళ్లాకే గుర్తొచ్చింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

"సామాన్లు సదురమంటవా?" అని అడిగింది భార్య ప్రమీల, ఉల్లిగడ్డ కోయడం ఆపకుండానే.

రాజమల్లు మూత మీద చెయ్యి తీయకుండా నావైపు తిరిగాడు. "తమ్మీ, జర కిందికి వొయ్యి ఓనర్ కాకాను మెట్ల కాడనే ఆపు. మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడుగు. రెండు గంటలు చెప్తడు. నాకు ఒక్క గంట చాలు."