శామీర్‌పేట చెరువు దగ్గర కారు నన్ను బయట నిలబెట్టిన రోజు

సోమవారం నుంచి ఉదయం ఆరున్నరకల్లా నేను శామీర్‌పేటలో ఉండాలి. ఈ ప్రయాణం మొదలవడానికి కారణం అంతే. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు తెల్లవారగానే వచ్చి కూర్చుంటారు, వాళ్లకు నా ఆటోల సంగతి అక్కర్లేదు. మా ల్యాబ్ వాళ్లు శామీర్‌పేటలో కొత్త శాఖ తెరిచి నన్ను అక్కడికి వేశారు. మా ఇల్లేమో బౌరంపేట్‌లో. గండిమైసమ్మ దాకా ఆటో, అక్కడి నుంచి మేడ్చల్, మేడ్చల్‌లో మళ్లీ ఇంకో బండి. ఎంత పరుగెత్తినా రెండు గంటలు పడుతుంది. అంటే కారు నేనే నడుపుకోవాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. లైసెన్సు తీసుకుని ఆరేళ్లయింది. నరం దొరకని చేతిలో నరం పట్టగలను కానీ ఒంటరిగా కారు తీసి గండిమైసమ్మ కూడా దాటలేదు. ఎప్పుడు నడిపినా మా ఆయన సుధాకర్ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద లేని బ్రేకు తొక్కుతూ ఉండేవారు. అందుకే ఆదివారం ఒక్కదాన్నే వెళ్లి దారి చూసి వస్తానని పట్టుబట్టాను.

కారు కొని మూడు వారాలే అయింది. దానిలోనే ఒక సిమ్ కార్డు, దానిలోనే మ్యాపు, దానికో యాప్. టైర్లలో గాలి ఎంతుందో, బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో, బ్రేకు ఎంత గట్టిగా పడిందో ఆ యాప్ ఉన్న ఫోన్‌లో కనిపిస్తాయి. షోరూమ్‌లో నేను టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నప్పుడు ఆ యాప్‌ని మా ఆయన ఫోన్‌లో వేశారు. అది ఆ రోజు నాకు పట్టలేదు. ఇది కాక మన ఫోన్‌ని వైరుతో తగిలిస్తే ఫోన్ మ్యాపు, పాటలు, కాల్స్ కారు తెర మీదికే వస్తాయి. రెండింటిలో ఏది మేలో చాలామంది అడుగుతుంటారు కదా, పోయేటప్పుడు కారు మ్యాపు, వచ్చేటప్పుడు ఫోన్ మ్యాపు చూసుకుందామని అనుకున్నాను. వైరు మాత్రం ముందే తగిలించాను, పాటల కోసం.

ఎనిమిదీ పదికి బయలుదేరాను. ఐదు నిమిషాల్లోనే కారు మ్యాపు నన్ను ఒక పెద్ద గోడ ముందుకు తెచ్చి నేరుగా వెళ్లమంది. గోడ వెనక విల్లాలు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు నన్ను చూసి ఆశ్చర్యమేమీ కలగలేదు. "గీ దారి బంద్ అయ్యి రెండేండ్లయితాంది మేడం. కొత్త కార్లన్ని గిట్లనే వచ్చి మర్లిపోతయ్" అని చెప్పి, రివర్స్ చేసుకోవడానికి చెయ్యి ఊపుతూ సాయం చేశాడు. ఇంకా గేరు మార్చలేదు, ఫోన్ మోగింది. తెర నిండా మా ఆయన పేరు. బౌరంపేట్‌లోనే తిరుగుతున్నావేందని మొదలుపెట్టారు. ఆయనకు ఇంట్లో కూర్చుని నేను గోడ ముందు ఆగిన చోటు కనిపిస్తోంది.

గండిమైసమ్మ చౌరస్తా దాటేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి మేడ్చల్ దారిలో లారీలు ఎక్కువ, ఎడమ పక్కన ఉంటే భయం లేదు. ఒక ఆటో అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. నిమిషంలో మళ్లీ ఫోన్, గంత గట్టిగా ఎందుకు కొట్టినవ్ అని. మేడ్చల్‌లో పదిహేను రూపాయల చాయ్ తాగడానికి ఆగితే, చౌరస్తా కాడ ఆగినవ్ గదా, ఏమైందని ఇంకోసారి. మంచి మనిషే, కోపంతో చేయలేదు. కానీ మూడో ఫోన్‌కి నా చాయ్ చేదెక్కింది. ఆరేళ్లు పక్క సీట్లో ఉన్న మనిషి ఇప్పుడు డ్యాష్‌బోర్డులోకి దూరినట్టయింది నాకు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు నలభై నిమిషాలు పట్టింది. ఈ ముక్కలో కారు మ్యాపు చక్కగా పనిచేసింది. మధ్యలో ఒకచోట నా ఫోన్‌కు సిగ్నల్ పోయి పాట ఆగిపోయినా అది తడబడలేదు. కరీంనగర్ రోడ్డెక్కి, చెరువు దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు కనబడగానే పక్కకు తీసి ఆపాను. ఇంత దూరం ఒక్కదాన్నే వచ్చానన్న సంతోషంలో యాభై నోటు ఒక్కటి చేతిలో పట్టుకుని దిగాను. తాళం సంచిలో, సంచి సీటు మీద, ఫోన్ వైరుకు.

కంకులమ్మే ఆమె పేరు బాలమణి, అరవై ఏళ్లుంటాయి. ఆమె కంకి తిప్పుతూ ఉంది, నేను మూడడుగుల దూరంలో నిలబడ్డాను. వెనక నుంచి టక్కుమని చప్పుడు వచ్చింది. చూస్తే కారు పక్క అద్దాలు రెండూ మెల్లగా ముడుచుకుంటున్నాయి. తలుపు లాగితే రాలేదు. లోపల తాళం ఉంటే బండి లాక్ పడదని షోరూమ్‌లో చెప్పారు. ఎక్కడో ఉన్నవాళ్లు ఫోన్‌లోంచి లాక్ చేస్తే పడుతుందని చెప్పలేదు.

ఐదు నిమిషాలకు లోపల ఫోన్ మోగడం మొదలైంది. తెర మీద మా ఆయన పేరు పెద్దక్షరాల్లో వెలుగుతోంది. నేను అద్దానికి ఇవతల నిలబడి ఆ పేరు మోగడం, ఆగిపోవడం, మళ్లీ మోగడం చూస్తున్నాను. ఎండ నెత్తి మీదికి వస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. లాక్ పడినందుకు కాదు. ఈ ఒక్క సంగతితో రేపటి ఉద్యోగం పోయినట్టేనని, ఇక నా చేతికి తాళం ఎవరిస్తారని.

"నీ బండి నీ మాట ఇనదా బిడ్డా?" అంది బాలమణి. వెక్కిరింపు కాదు, తెలియక అడిగింది. తన చిన్న ఫోన్ నా చేతిలో పెట్టింది. అప్పుడు తెలిసింది, పదహారేళ్లు కాపురం చేసిన మనిషి నంబరు నాకు నోటికి రాదని. మొదటి ఐదంకెలు వచ్చాయి, తర్వాత అన్నీ కలగాపులగం. నాకు నోటికి వచ్చేది నాగారంలో ఉండే మా అమ్మ నంబరొక్కటే. ఆమెకు చేసి సంగతి చెప్పాను. తలుపు తెరవమని అల్లుడికి చెప్పడానికి ఆమెకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. టక్కుమని తెరుచుకుంది.

వెంటనే మళ్లీ మోగింది. నేను ఎత్తకపోయేసరికి ఆయన పరేషానై బైక్ తీసుకుని బయలుదేరారట. గండిమైసమ్మ దగ్గర మా అమ్మ ఫోన్ వస్తే ఆగి, అక్కడి నుంచే యాప్‌లో తలుపు తెరిచారు. అక్కడే ఉండమని, వచ్చి కారు తానే తెస్తానని అన్నారు.

"మీరు రావద్దు," అన్నాను. "ఇంటికి నేనే నడుపుకుంట వస్త."

బాలమణి ఫోన్‌కు పైసలు తీసుకోలేదు, కంకికి మాత్రం ముప్పై తీసుకుంది. అది తినేదాకా నన్ను కదలనివ్వలేదు. తర్వాత కొత్త శాఖ దాకా వెళ్లి పార్కింగ్ చూసుకుని, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా తిరిగొచ్చాను. ఈసారి ఫోన్ మ్యాపు. కొత్త గోడలు, మూసిన దారులు దీనికి తెలుసు. ముందు ట్రాఫిక్ ఉంటే చెప్పింది. కానీ స్పీడ్ బ్రేకర్ మీద వైరు కదిలితే తెర ఖాళీ అయిపోతుంది. ఔటర్ మీద ఆ బెడద లేదు, ల్యాబ్ నుంచి ఇంటికి యాభై నిమిషాలు, టోల్ వంద లోపే.

ఇంట్లో మా ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, ముఖంలో నెత్తురు లేదు. బండికి లాక్ పడలేదని తన ఫోన్‌లో కనిపిస్తే, ఎవరైనా సంచి ఎత్తుకుపోతారేమోనని లాక్ చేశానన్నారు. రేపటి నుంచి తానే దింపుతానన్నారు.

"నన్ను దింపొచ్చి మీరు డ్యూటీకి ఎప్పుడు పోతరు? నాలుగు దినాలు దింపుతరు. అయిదో దినం నన్ను ఉద్యోగం మానెయ్యమంటరు. నా సంచికి నేను మూడడుగుల దూరంల ఉన్న. మీరు ముప్పై కిలోమీటర్ల దూరంల ఉన్నరు."

ఆయన ఫోన్ తీసి యాప్ తెరిచి, ఓనర్‌గా నా నంబరు కొట్టారు. ఓనర్‌ను మారిస్తే ఈ ఫోన్‌లో బండి కనిపించదు, మార్చాలా అని అది అడిగింది. ఆయన వేలు దాని మీద ఆగిపోయింది. ఫోన్ నా వైపు తిప్పి, "నువ్వే నొక్కు రమా" అన్నారు. నొక్కాను.

సోమవారం ఐదున్నరకు బయలుదేరాను. ఔటర్ మీద ఉండగా ఫోన్ మోగింది. "ఏడిదాక వచ్చినవ్?" అన్నారు. ఈ మూడు వారాల్లో ఆ మనిషి నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా నేను ఎక్కడున్నానో ఆయనే నాకు చెప్పేవారు. మేడ్చల్ దాటానని చెప్పాను. సరే, నెమ్మదిగా పొమ్మని పెట్టేశారు. ఆరూ ఇరవైకి ల్యాబ్ చేరాను, మనసు తేలిగ్గా ఉంది, మొదటి రక్తం తీసేటప్పుడు ఒక్క పోటుకే నరం దొరికింది.

కారు మ్యాపా, ఫోన్ మ్యాపా అంటే, సిగ్నల్ లేని చోట మొదటిది, ఊళ్ల మధ్య రెండోది అంటాను. నేను రెండూ వాడుతున్నాను. ఏ మ్యాపు మంచిదన్నదే ప్రశ్న అనుకుని ఆ ఆదివారం బయలుదేరాను, కానీ బండి ఎవరికి కబురు చెబుతోందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అని రోడ్డు పక్కన నిలబడ్డాక గాని నాకు తెలియలేదు. ఇంట్లోవాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు, కానీ ప్రేమ కూడా ఫోన్ చేసి అడిగి తెలుసుకోవాలని ఇప్పుడు అనిపిస్తోంది. కారు కొనబోయేవాళ్లకు ఒక్క మాట: తాళాలు ఇచ్చేటప్పుడు ఓనర్ యాప్ ఎవరి ఫోన్‌లో వేయమంటారని అడుగుతారు. రోజూ ఆ కారు నడిపేది మీరే అయితే, పక్కన నిలబడ్డవాళ్లు నోరు తెరిచేలోపు మీ ఫోన్ ముందుకు చాపండి.